డ్రై సోల్డర్

ఎస్పీ రోడ్డులో తూకానికి కొన్నాను దీన్ని,
రెండు కిలోల చిల్లర సర్క్యూట్ల మధ్య
బొద్దింక గుడ్లతో సహా.
ఎర్ర పెట్టె. రెండు జాయ్‌స్టిక్‌లు, ఒకదానికి తోక లేదు.
అమ్మినవాడు నవ్వాడు:
"ఇది పలికితే ఫోన్ చెయ్యి సార్,
నేనే వచ్చి నీకు మైసూర్‌పాక్ తినిపిస్తా."

జాలహళ్లి క్రాస్‌లో మేడమీది గది. ఆదివారం.
గోడకి చంద్రుడి పటం,
ఎవరు ఎక్కడ దిగారో, ఎవరు ఎక్కడ కూలారో
రెండు రంగుల గుండుసూదులు.
దాని కింద పొట్ట ఉబ్బిన పాత టీవీ,
టీవీ ముందు బాసింపట్టు వేసుకుని నేను.
క్యాసెట్టు తీస్తాను, ఉఫ్ అని ఊదుతాను, పెడతాను.
తెరనిండా చీమలు.
తీస్తాను, ఊదుతాను, పెడతాను.
చిన్నప్పుడు మా వీధి మొత్తానికీ
గురువు లేకుండా వచ్చిన మంత్రం ఇదొక్కటే.

నీళ్ళ ట్యాంకర్ డబ్బుల కోసం మెట్లెక్కి వచ్చిన
ఇంటి ఓనరు గంగరత్నమ్మ
గడపలోనే ఆగిపోయింది.
"ఊదద్దప్పా. ఎంగిలి తగిలితే రాగి పచ్చబడతాది.
పెన్సిల్ రబ్బరుండాదా?"

చంటిపిల్లాడికి పాలపళ్ళు తోమినట్టు
క్యాసెట్టు పళ్ళు తోమింది.
అయినా చీమలే.
పెట్టె విప్పమంది. విప్పాను.
బోర్డుని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టి
బియ్యంలో రాళ్ళేరే చూపుతో వెతికింది.
"ఇదిగో, ఇది చచ్చిన అతుకు.
అతుకన్నాక మెరవాల.
మెరవలేదంటే లోపల పట్టుకోలేదని."

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా
చేతి గాజులు రెండూ తీసి టీవీ మీద పెట్టింది.
ఎవరూ తీయమనలేదు.

"యాడ నేర్చుకున్నారండీ?"
"పీణ్యాలో. రేకుల షెడ్డులో."
మెట్రోలో రెండు స్టాపులు.

"ఇరవై ఏండ్లు అప్పుడు నాకు.
గాజులు తీసిపెట్టి పోవాల లోపలికి.
మొగుడు గుండ్రాయిలా ఉండంగా
బోసి చేతులేమే అని మా అత్త ఒకటే ఏడుపు.
వానొస్తే రేకుల మోతకి పక్కమనిషి మాట వినపడేది కాదు,
సైగలు చేసుకునేవాళ్ళం.
దేశంలో మొదటి ఉపగ్రహమప్పా అది.
పైకి పోయిన దినం లడ్లు పంచినారు.
నాలుగో దినమో ఐదో దినమో
దాని కడుపులో కరెంటు పోయిందన్నారు."

గుగ్గిలం పొగ సన్నగా లేచింది.
సీసం బొట్టు ఒకటి కరిగి, వణికి, కుదురుకుంది.

"ఎందుకు పోయిందో పెద్దోళ్ళు ఏందేందో చెప్పినారు.
నాకు తెలిసింది ఒకటే,
దాంట్లో నలభై ఏడు అతుకులు నావి.
రాత్రి పండుకుంటే ఒక్కొక్కటీ వచ్చి
ఎదురుగా నిలబడేది.
నేనా? నేనా? అని.
చాన్నాళ్ళు. పిల్లలు పుట్టినాక కూడా."

నాకా ఉపగ్రహం బరువు తెలుసు.
ఎగిరిన తేదీ తెలుసు,
ఎన్ని ముఖాలో, ఎన్నేళ్ళు తిరిగి
ఏ ఏడాది గాలిలో కాలిపోయిందో తెలుసు.
అర్ధరాత్రి లేపి అడిగినా చెబుతాను.
అందులో అతుకులు వేసిన ఒక చెయ్యి
ప్రతి నెలా నా ముందు చాపి
ట్యాంకర్ డబ్బులు తీసుకుంటుందని
తెలీదు.

ఓదార్పుగా ఏదో అనబోయాను.
"స్విచ్చెయ్యి" అంది.

చీమలు చెదిరిపోయాయి.
నల్లటి తెర, కింద గరుకు నేల,
పైనుంచి ఆకుపచ్చ గీతల చిన్న నౌక
కుంటుకుంటూ దిగుతోంది.
మూలన ఇంధనం అంకెలు కరిగిపోతున్నాయి.
తోకున్న జాయ్‌స్టిక్ ఆమెకివ్వబోతే వద్దంది.
నన్నే ఆడమని, తను ఆ అంకెల్నే చూస్తూ కూర్చుంది.

తొంభై. నలభై. పన్నెండు.
తొందరపడ్డాను.
గీతలు గీతలుగా విరిగి
నౌక నాలుగు దిక్కులా పడింది.

"కూలిపోయిందండీ."

ఆమె వంగి పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసింది,
జ్వరం చూసినట్టు.

"కరెంటుండాది కదా?"
"ఉంది."
"మరింకేం. మళ్ళీ పంపు."

గాజులింకా టీవీ మీదే ఉన్నాయి.